ఊఁ కొట్టిన దొంగ

టీ చల్లారేలోపు ఒప్పించేశాను. ఈ మాట ఆ రోజు పొద్దున్న కంపెనీ పెద్దాయనకి ఒకసారి, ఆసుపత్రి డాక్టరుకి ఒకసారి, ఇంటికి ఫోన్ చేసి మరీ మా ఆవిడకి ఒకసారి చెప్పుకున్నాను. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ మూడుచోట్లకీ వెళ్ళి కాళ్ళు పట్టుకుని ఆ మాట వెనక్కి తెచ్చుకుందామా అనిపించింది. వరసగా చెప్తాను, వినండి.

ఆ కంపెనీలో ఒక మందు తయారుచేస్తున్నారు. ఏ మందుకీ లొంగని బ్యాక్టీరియా ఉంటుంది చూశారూ, దాని మీదకి. ఇదివరకు వాడే పాత మందు, బ్యాక్టీరియా తన గోడ కట్టుకునేటప్పుడు ఇటుక కొస పట్టుకుని గోడ లేవనిచ్చేది కాదు. కొన్నాళ్ళకి ఆ పురుగులు తెలివిమీరి ఇటుక కొసే మార్చేసుకున్నాయి. పాత మందుకి పట్టు జారిపోయింది. అప్పుడు ఈ కంపెనీ కెమిస్టు ఆ పాత మందుకే ఒక జిడ్డు తోక అతికించింది. పట్టు జారినా సరే, ఆ తోకతో బ్యాక్టీరియా పొరకి అంటుకుని వదలదట. అందుకని అందరూ దాన్ని తోకమందు అంటారు, ఆవిణ్ణి చాటున తోకమ్మ అంటారు. ఆవిడకీ ఈ సంగతి తెలుసు.

తోకమందు మొట్టమొదట ఎక్కించుకున్నది ఆవిడ ఆడపడుచు మొగుడు. డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పే మనిషి. మోకాలికి ఆపరేషన్ చేశాక ఎముకలో చీము పట్టింది. ఉన్న మందులన్నీ అయిపోయాయి, కాలు తీసేసినా మనిషి దక్కుతాడన్న నమ్మకం లేదన్నారు. ఇక తోకమందే దిక్కు. ఒక్క వయల్ ఎక్కించారు, అంటే చిన్న సీసాడు మందు, ఒక పూర్తి మోతాదు. జ్వరం దిగలేదు. ఆ ఆడపడుచు ఇదే కంపెనీలో కింది అంతస్తులో టెస్టింగ్ గది చూసుకుంటుంది. మనసు ఆగక అదే బ్యాచిలో ఇంకో వయల్ తెరిచి తనే పరీక్ష చేసింది. ఉండాల్సిన బలంలో నాలుగో వంతే ఉంది. మళ్ళీ చేసినా అంతే. అంటే ఎవరో మందు కాజేసి, మిగిలినదాంట్లో ఏదో కలిపి మూత పెట్టారన్నమాట. పెద్దాయన కంగారుపడి ప్రైవేటు డిటెక్టివునని నన్నూ పిలిచాడు, పోలీసుల్నీ పిలిచాడు.

పోలీసుల తరఫున వచ్చేది మా తోడల్లుడని తెలిశాక నాకు ఇంక వేరే ఆలోచన రాలేదు. మా ఆవిడ అక్క మొగుడు, ఇన్‌స్పెక్టరు. మా అత్తారింట్లో ఆయనకి కుర్చీ, నాకు స్టూలు. ఆయన పట్టుకుంటే దర్యాప్తు, నేను పట్టుకుంటే అదృష్టం. నేను ఎంత కష్టపడి ఏ కేసు తేల్చినా "ఏదో కలిసొచ్చింది తమ్ముడూ" అని భుజం తడతాడు. అందుకని ఆయన జీపు గేటు దాటకముందే దొంగని చేతిలో పెట్టాలనుకున్నాను. ఇంత చిన్న కారణం చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది గానీ, అదే కారణం.

కెమిస్టు గది మేడమీద. గోడ పొడుగునా గాజు సీసాలు, గాజు గొట్టాలు, ఒక మూల గుయ్‌మంటూ ఏదో మెషీను. ఆవిడ బల్ల వెనకాల కూచుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నిద్ర లేని మొహం. ఎవరో టీ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టారు. నేను ఫోన్ రికార్డింగులో పెట్టి బల్ల మీదుంచాను.

బ్యాచి ఆసుపత్రికి వెళ్ళేదాకా దాని ఫ్రిజ్ తాళం మీ దగ్గరే ఉంది కదా అన్నాను. ఊఁ అంది. ఈ మందు గుట్టు కోసం బయట కంపెనీలు కాచుకుని కూచున్నాయి కదా అన్నాను. ఊఁ. మీకూ మీ ఆడపడుచుకీ కొన్నాళ్ళుగా మాటల్లేవట కదా అంటే, దానికి మాత్రం కళ్ళెత్తి చూసి, మళ్ళీ దించుకుంది. నాకు హుషారొచ్చింది. కథ నా బుర్రలో చకచకా అల్లుకుపోతోంది, ఒక్కో ముక్కా ఆవిడ ముందు పెడుతున్నాను.

"ముప్పాతిక మందు తీసేసి పావు ఉంచారు, అవునా?"

"ఊఁ."

"కలిపింది చక్కెరపొడేగా? మనిషికి హాని చేసేదేమీ కాదుగా?"

ఈసారి కొంచెం ఆలస్యమైంది. "ఊఁ" అంది.

ఆ తర్వాత తల వంచేసింది. అంత సిగ్గుపడ్డ మనిషిని నేను ఈ వృత్తిలో చూడలేదు. చెవులదాకా ఎర్రబడిపోయింది, మెడ మీద నరం కొట్టుకుంటోంది. దొరికిపోయినందుకు సిగ్గు అనుకున్నాను. దేనికమ్మా ఈ సిగ్గు అని ఒక్క మాట అడిగుంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. నేను అడగలేదు. టీ తాగాను, ఇంకా వేడిగానే ఉంది.

వెంటనే పెద్దాయన ముందే డాక్టరుకి ఫోన్ చేశాను. రికార్డింగు వినిపించాను. ఆయన కాసేపు ఆలోచించి, అయితే మొదట ఎక్కినది పావు మోతాదే అన్నమాట, ఇప్పుడు నాలుగు వయల్స్ కలిపి ఎక్కిస్తే ఒక పూర్తి మోతాదు అవుతుంది, వయల్స్ మా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి, సాయంత్రం నాలుగింటికి పెట్టిస్తాను అన్నాడు. పెద్దాయన సరేనన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు డాక్టరు, మీరొక ప్రాణం నిలబెట్టారండీ అన్నాడు. నేను "అయ్యో, ఎంతమాట" అని మొహమాటపడ్డాను. లోపల మాత్రం కాలరెగరేసుకున్నాను. కిందికి దిగుతూ టెస్టింగ్ గది గుమ్మంలో ఆగి, మీ వదినే తీసిందమ్మా, ఒప్పుకుంది అని ఆ ఆడపడుచుకి కూడా చెప్పేసి వెళ్ళాను. ఆమె కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపి తడుముకుంది.

తోడల్లుడు భోజనాల వేళకి వచ్చాడు. వచ్చినవాడు నా దగ్గరికి రాకుండా ప్యాకింగ్ గదిలోకి వెళ్ళాడట, అక్కణ్ణుంచి స్టోర్‌లోకి వెళ్ళాడట. ఇక చేసేదేమీ లేక తిరుగుతున్నాడులే అనుకున్నాను. క్యాంటీన్‌లో ఎదురుపడ్డాక నేనే పిలిచి కూచోబెట్టి, "అన్నయ్యా, నీకు శ్రమ లేకుండా చేశాను, విను" అని ఫోన్ ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని మొదటినుంచీ చివరిదాకా విన్నాడు. మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నాడు. రెండోసారి అయ్యాక కళ్ళు తెరిచాడు.

"ఇందులో నేరం ఒప్పుకుంది ఎవరు తమ్ముడూ?"

"ఎవరేంటి, ఆవిడే."

"ఆవిడ గొంతు నాకు వినపడలేదే. తాళం సంగతి నువ్వే చెప్పావు, పావు నువ్వే చెప్పావు, చక్కెరపొడి నువ్వే పోశావు. దొంగతనమంతా నువ్వు చేసి ఆవిడ చేత ఊఁ కొట్టించావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ముందు పట్టుకున్నానని నీకు కడుపుమంట, మనిషి తనంతట తను ఊఁ అంటే నేను గొంతు పిసికానా అని నలుగురూ వినేలా అరిచాను. ఇంకా కొన్ని అన్నాను, మా అత్తారింటి కుర్చీల సంగతి కూడా ఎత్తాను. పక్క బల్ల వాళ్ళు తినడం ఆపి చూశారు. ఆయన జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో ఒక వయల్ ఉంది, అదే బ్యాచిది. ఇక్కడి ఫ్రిజ్‌లో మిగిలినవాటిల్లోంచి తెచ్చాడు.

వయల్ మూతకి అల్యూమినియం రేకు ఉంటుంది. దాన్ని ఒక యంత్రం గట్టిగా నొక్కి అంచు ముడుస్తుంది. ఒకసారి విప్పి మళ్ళీ ముడిస్తే రేకు మీద రెండో గాటు పడి తీరుతుంది, కొత్త రేకు వేద్దామంటే ఆ రేకులూ యంత్రమూ ప్యాకింగ్ గదిలో ఉంటాయి, ఆ గదికి కెమిస్టు ఎప్పుడూ రాదు. ఇదంతా ఆయన వచ్చిన పావుగంటలో తెలుసుకున్నాడు. మిగిలిన వయల్స్ అన్నీ భూతద్దం పెట్టి చూశానన్నాడు, ఒక్కదానికీ రెండో గాటు లేదు.

"మూత తియ్యకుండా చక్కెరపొడి ఎలా పోసింది? మంత్రమేసిందా?" అన్నాడు.

ఇదివరకు ఆయన నా గాలి తీసినప్పుడల్లా కోపం వచ్చేది. ఈసారి కోపం రాలేదు. ఆవిడ ఊఁ కొట్టిన ప్రతి చోటా ముందు నా ప్రశ్న ఉంది, ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. ఆవిడ నోటినుంచి వచ్చిన సమాచారం ఒక్కటీ లేదు. పక్క బల్ల వాళ్ళు ఇంకా నన్నే చూస్తున్నారు. నేను ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాను.

దొంగతనం జరగకపోతే మందు బలం ఎలా తగ్గింది, అది ముందు తేలాలి అన్నాడు ఆయన. అరిచిన వాడితో ఇంత మామూలుగా మాట్లాడటం ఆయనకెలా వచ్చో నాకు తెలీదు. ఇద్దరం టెస్టింగ్ గదికి వెళ్ళాం.

చిన్న గది. ఒక పొడుగాటి బల్ల, బ్యాక్టీరియాని వెచ్చగా పెంచే పెట్టె ఒకటి, మూలన సింకు. ఆడపడుచు సింకు దగ్గర నిలబడి టిఫిన్ డబ్బా తోముతోంది. ఎడమ అరచేతికి కట్టు ఉంది. మొగుడి దగ్గర అత్తగారు కూచుందట, ఈమె మూడోసారి పరీక్ష పెట్టడానికి వచ్చిందట. నన్ను చూసి కుళాయి కట్టలేదు.

వదినకి ఫోన్ చేశాను, ఎత్తలేదు అంది. ఎత్తితే ఏం అడిగేదాన్నో నాకే తెలీదు అంది. మీ ఇద్దరికీ మాటలు ఎందుకు పోయాయి అని తోడల్లుడు అడిగాడు. అడిగి ఊరుకున్నాడు, ఇంకేమీ కలపలేదు. ఆమె నెమ్మదిగా తనే చెప్పుకుంది. మొగుడికి తోకమందు ఇమ్మని వదినని బతిమాలితే, ఇంకా మనుషులకి ఇచ్చే దశ రాలేదు, కొన్నాళ్ళు ఆగాలంది. అప్పుడు నోరు జారింది, మా అన్నయ్యకే ఇలా వచ్చుంటే ఆగుతావా వదినా అంది. వదిన మర్నాడే పెద్దాయన్నీ, డాక్టర్నీ ఒప్పించి మందు ఇప్పించింది. కానీ మాట్లాడటం మానేసింది. ఈమెకీ ఆ మాట అన్నాక మొహం చెల్లక మేడ ఎక్కలేదు. అప్పట్నుంచీ రిపోర్టులు పైకీ కిందికీ తిరిగాయి గానీ మనుషులు తిరగలేదు.

ఇది చెప్తున్నంతసేపూ డబ్బా తోముతూనే ఉంది. ప్లాస్టిక్ డబ్బా. సబ్బు పెట్టి తోముతుంది, కడుగుతుంది, వేలితో రాసి చూస్తుంది, మళ్ళీ సబ్బు పెడుతుంది. నేను ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, వదలట్లేదా అన్నాను.

"కూరలో నూనెండీ. ఈ ప్లాస్టిక్‌కి పట్టిందంటే పోదు, స్టీలుదైతే ఒక్క కడుగుకి పోయేది" అంది.

నాకు పొద్దున్న పెద్దాయన మందు గురించి చెప్పిన మాటల్లో జిడ్డు తోక అన్న ముక్క గుర్తొచ్చింది. బల్ల మీద మూడో పరీక్షకి వరసగా పెట్టిన గొట్టాలు చూశాను. మందుని ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టంలోకి సగం సగం పలచన చేసుకుంటూ వెళ్ళి, అన్నిట్లోనూ బ్యాక్టీరియా వేసి ఒక రాత్రి వెచ్చగా ఉంచుతారట. పొద్దున్నకి నీరు తేటగా ఉంటే బ్యాక్టీరియా చచ్చినట్టు, మబ్బుగా ఉంటే బతికినట్టు. ఆ గొట్టాలన్నీ ప్లాస్టిక్‌వి. కొత్తవి, నిగనిగలాడుతున్నాయి.

చేతికేమైందమ్మా అని అడిగాను. గాజు గొట్టం పగిలి తెగిందట. మొగుడు ఆసుపత్రిలో ఉన్నాడన్న పరధ్యానంలో ఒకటి కాదు, ట్రే మొత్తం జారవిడిచిందట. స్టోర్‌లో గాజువి లేక ఇవి తెచ్చుకుందట. అంతకుముందు చేసిన పరీక్షల్లో తోకమందు బ్రహ్మాండంగా పనిచేసేదని కూడా తనే చెప్పింది.

నా నాలిక చివరిదాకా వచ్చింది, అంటే మందు ప్లాస్టిక్‌కి అంటుకుపోయిందన్నమాటే కదా అని. మింగేశాను. పొద్దున్న ఇలాగే ఒక కథ అల్లి మనిషి నోట్లో కుక్కాను. తోడల్లుడి చెవిలో, కెమిస్టుని ఇక్కడికి తీసుకురా అన్నయ్యా, ఏమీ చెప్పకు అన్నాను. ఆయన ఒకసారి నా మొహంలోకి చూసి వెళ్ళాడు.

ఆవిడ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆడపడుచు అటు తిరగలేదు. చేతిలో డబ్బా అలాగే ఉంది. నేను నోరు మూసుకుని బల్లకి ఆ చివర నిలబడ్డాను. ఇంత కష్టమైన పని నేను ఎప్పుడూ చెయ్యలేదు. ఆవిడ లోపలికి ఒక అడుగు వేసింది, ఎవరి మొహమూ చూడలేక బల్ల వైపు చూసింది. చూపు ట్రే మీద పడింది. అక్కడే ఉండిపోయింది.

"గాజువి ఏవి?" అంది.

ఆడపడుచు ఇటు తిరిగింది. పగిలిపోయాయి వదినా అంది. ఎప్పుడు అంది ఆవిడ. మందు ఎక్కించిన రోజే అంది ఈమె. మన పరీక్షలు రెండూ వీటిలోనే చేశావా అంది. అవునంది. ఆవిడ ఒక గొట్టం తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. తోకకి జిడ్డంటే ప్రాణం, బ్యాక్టీరియా పొర దొరికితే పొరకి, ప్లాస్టిక్ దొరికితే ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది. గొట్టం మారినప్పుడల్లా కొంత మందు గోడకే ఉండిపోయింది, బ్యాక్టీరియాకి అందింది ఆ మిగిలిన కొంచెమే. మేడమీద తను ఎప్పుడూ గాజే వాడుతుంది గనక కింద ఇంకోటి వాడతారన్న ఊహే రాలేదట. గాజు తప్ప వాడొద్దని ఒక్క ముక్క కిందికి దిగి చెప్పలేదు.

"నాకెవరూ చెప్పలేదు" అంది ఆడపడుచు.

"చెప్పాల్సింది నేను" అంది ఆవిడ.

అప్పుడు తోడల్లుడు నన్ను మోచేత్తో తట్టాడు. అడుగు, నీ కేసే కదా అన్నట్టు. నేను ఒక్కటే అడిగాను. మీరు తియ్యనప్పుడు తీశానని ఎందుకన్నారమ్మా అని. ఎంతసేపైనా ఆగుదామనే అడిగాను.

"మొదటి రిపోర్టు పైకి రాగానే నా మెషీన్‌లో చూశాను. వయల్‌లో మందు నిండుగా ఉంది, ఇంత కూడా తక్కువ లేదు. నిండుగా ఉండి కూడా పురుగుని చంపట్లేదంటే ఏమిటి? నా తోక పనికిరాదనే కదా. ఆ మాట చెప్తే డాక్టరు మందు ఆపేస్తారు, ఆయనకి ఇంకో మందు లేదు. ఎవరో తీశారంటే మందు మంచిదే అనుకుంటారు, కొత్త బ్యాచిలోది ఇంకోటి ఎక్కిస్తారు, ఒకటి కాకపోతే రెండోదానికైనా తగ్గుతుందేమో అనుకున్నాను." చేతిలో గొట్టం ట్రేలో పెట్టేసింది. "నేనేదో గొప్ప పని చేశాననుకోకండి. ముందు సిగ్గు వేసింది. పదకొండేళ్ళు చేసి ఇదా అనిపించుకోవడం కన్నా దొంగ అనిపించుకోవడం తేలిగ్గా తోచింది. మిగతా కారణాలన్నీ తర్వాత అతికించుకున్నాను."

సింకులో కుళాయి ఇంకా పారుతూనే ఉంది. తోడల్లుడు వెళ్ళి కట్టేశాడు.

ఆడపడుచు మొహంలో మెల్లిగా వెలుగొచ్చింది. అయితే వదినా, మందు మంచిదేనా అంది. మంచిదే అంది ఆవిడ, ఆ మొదటి వయల్ పూర్తి మోతాదే, ఎముకలో చీముకి జ్వరం దిగడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది, దాని పని అది చేస్తూనే ఉండి ఉంటుంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు, కట్టు కట్టిన చెయ్యే. మనిషి బతుకుతాడు అన్న మాట ఆ గదిలో ఎవరూ పైకి అనలేదు గానీ, ఆ ఒక్క నిమిషం అందరం అదే అనుకున్నాం. ఆ నిమిషం పాడుచేయాల్సింది నేనే.

"మరి నాలుగు వయల్స్?" అన్నాను.

"నాలుగేంటి?" అంది కెమిస్టు.

చెప్పాను. మందు పావే ఉందని మీరు ఒప్పుకున్నారు కదా, అందుకని డాక్టరు నాలుగు వయల్స్ కలిపి ఒక మోతాదుగా ఎక్కిస్తానన్నారు అని. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. పాత బ్యాచిలోవే నాలుగు కలుపుతారని ఆవిడకి తట్టనే లేదు, నేనూ చెప్పలేదు. వయల్స్‌లో ఉన్నది నిండు మందు. నాలుగు నిండు మోతాదులు, ఇదివరకటి ఒకటితో కలిపి ఐదు. కిడ్నీలు ఆగవు అంది. ఆడపడుచు పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

కంగారుపడకండి, నాలుగింటికి కదా, ఇంకా రెండు కూడా కాలేదు అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు నిజంగానే ధైర్యంగా ఉంది. తోడల్లుడు అప్పటికే ఆసుపత్రికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు. డాక్టరు ఆపరేషన్ థియేటర్లో ఉన్నాడట, ఆయన వార్డు నర్సు ఎత్తింది.

సాయంత్రం పెట్టాల్సిన తోకమందు పెట్టొద్దమ్మా అన్నాడు ఆయన.

"సాయంత్రం కాదండీ. జ్వరం ఇంకా పెరిగిందని పొద్దున్నే పెట్టేశాం. డిటెక్టివుగారి ఫోన్ వచ్చాక ఇంక ఆగడం ఎందుకన్నారు డాక్టరుగారు."

ఆపెయ్యమని నలుగురం ఒకేసారి అన్నాం. ఆపాను అంది నర్సు, సీసా అడుగున కొంచెమే మిగిలిందండీ. తర్వాత గొంతు తగ్గించి, పేషెంటుకి పొద్దున్నుంచీ యూరిన్ కూడా సరిగ్గా రాలేదు, ఆ సంగతి డాక్టరుగారికి చెప్దామనే చూస్తున్నాను అంది. కెమిస్టు వెంటనే ఫోన్ దగ్గరికి వంగి ఏ రక్తపరీక్ష చెయ్యాలో, ఏ మందులు ఇవ్వకూడదో గబగబా చెప్పింది. డయాలిసిస్ చేస్తే మందు బయటికి వచ్చేస్తుందా అని ఆడపడుచు అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. లోపలికి వెళ్ళాక అది అంటుకుంటుంది, వారాలకి వారాలు పోదు, ఒక్క మోతాదుతో సరిపోవాలని నేనే అలా చేశాను అంది.

ఆడపడుచు ఏడవలేదు. బల్ల అంచు పట్టుకుని, "నాలుగు ఎక్కించమని డాక్టరుకి చెప్పిందెవరు?" అంది.

నేను కెమిస్టు మొహం చూశాను. పొద్దున్న టీ ముందు చూసిన సిగ్గే మళ్ళీ చెవులదాకా పాకుతోంది, పెదవి విడుతోంది. ఇదీ తన మీదే వేసుకోబోతోంది. ఊరుకుంటే వేసుకునేది. నేను ఊరుకుంటానని ఒక్క క్షణం నాకే అనిపించింది. చివరికి నోరు విప్పింది తోడల్లుడు ఎదురుగా ఉన్నాడని కాదు, ఆయన ఆ క్షణం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నేనమ్మా," అన్నాను. "మీ వదిన ఒక్క మాట చెప్పలేదు. అన్నీ నేనే చెప్పి, డాక్టరుకి ఫోన్ చేసింది కూడా నేనే."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అంతలో ఫోన్‌లో గరగరమని చప్పుడైంది, నర్సు ఎవరికో ఫోన్ ఇస్తోంది. నీరసంగా ఉన్నా స్పష్టంగా ఉంది ఆ గొంతు. మందు ఎందుకు ఆపారు, మా ఆవిడ అక్కడుందా అని అడిగాడు ఆయన. ఆడపడుచు వదిన వైపు చూసింది. అప్పుడు ఆమె ఫోన్ తీసి, స్పీకర్ ఆపకుండా, నా చేతిలో పెట్టింది.

నేను డిటెక్టివునండీ అన్నాను.

"మీరా సార్," అన్నాడు. గొంతులో ప్రాణం లేచొచ్చింది. "పొద్దున్న డాక్టరుగారు చెప్పారు. దొంగని పట్టేశారటగా. మీ రుణం ఉంచుకోను సార్, నేను లేచి తిరిగాక మీ ఇంట్లో ఎవరికి కావాలన్నా కారు నేర్పుతాను."

ఆ గదిలో ముగ్గురు మనుషులు నా మొహం చూస్తున్నారు. నాకు తల ఎత్తాలని లేదు.

"దొంగ లేడండీ," అన్నాను. "నేను పొద్దున్న ఏం చేశానో చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి."